మూడుగా చీలిన దారి

బజారు మొగదల కట్టిన కొత్త బ్యానర్‌ను బోరమ్ ముందు చూడనే లేదు. వీపున గుడ్డతో కట్టుకున్న పిల్ల కాళ్ళతో తంతోంది, చేతిలో ఎండు నెత్తళ్ళ అట్టపెట్టె జారుతోంది. తలెత్తి చూసే తీరిక ఎక్కడిది? ఆల్చిప్పలమ్మే ముసలావిడ తడిచేతులతో ఎదురొచ్చి గబుక్కున రెండు మణికట్లూ పట్టుకుంది.

"నీ కడుపు చల్లగుండ తల్లీ! ఈ కాలంలో కన్నకూతుళ్ళే చెయ్యని పని."

"ఏం పనవ్వా?"

ముసలావిడ గడ్డం పైకెత్తి చూపించింది. పోయిన నెల ఎవరి మనవడో పరీక్ష పాసయ్యాడని కట్టిన చోటే, అవే మేకులకి, పసుపు గుడ్డ మీద ఎర్ర అక్షరాలు.

"మామగారికి తన కాలేయం పంచి ఇస్తున్న కోడలు బోరమ్! మన బజారుకే గర్వకారణం! – వర్తకుల సంఘం"

బోరమ్ దాన్ని రెండుసార్లు చదివింది. తన పేరు అంత పెద్ద అక్షరాల్లో ఎప్పుడూ చూడలేదు. పెళ్ళిలో కూడా చూడలేదు.

సంఘం పెద్ద హ్వాంగ్ రబ్బరు బూట్ల కొట్టు ముందు టీ తాగుతున్నాడు. అతను సముద్రం మీదికి వెళ్ళేవాళ్ళకి బూట్లూ, వానకోట్లూ అమ్ముతాడు. బ్యానర్లు కట్టించడం మాత్రం సరదాకి.

"బాబాయ్‌గారూ, అది దించెయ్యండి."

"అక్షరాలు నచ్చలేదా? ఫొటో కూడా వేయిద్దామనుకున్నా. మీ అత్తగారి దగ్గర నీ మంచి ఫొటో లేదుట."

"నేను ఇస్తానని ఎవరితోనూ అనలేదు."

హ్వాంగ్ పక్కకొట్టువాడి వైపు తిరిగాడు. "చూశావుటోయ్, ఎంత వినయమో! ఇచ్చి కూడా ఇవ్వలేదంటోంది." మళ్ళీ ఇటు తిరిగి గొంతు తగ్గించాడు. "తల్లిదండ్రుల దినానికి టౌన్‌హాలు వాళ్ళిచ్చే ఉత్తమ కోడలి పతకానికి నీ పేరే పంపిస్తున్నా. మన బజారుకి పతకం వచ్చి ఎన్నేళ్ళయిందో."

"బాబాయ్‌గారూ, నేను నిజంగానే…"

"సిగ్గుపడకు. వెళ్ళు, వెళ్ళు, పెట్టె బరువుగా ఉంది."

ఏం చెప్పినా వినయంలోనే కలిసిపోతోంది. బోరమ్ పెట్టె మోసుకుంటూ కొట్టుకి నడిచింది. దారిపొడుగునా ఎవరో ఒకరు చప్పట్లు కొడుతూనే ఉన్నారు.

ప్యో వారి ఎండుచేపల కొట్టులో అత్తగారు అప్పటికే చాప మీద కూర్చుని నెత్తళ్ళు ఒలుస్తోంది. తల తుంచడం, బొటనవేలి గోటితో వీపు చీల్చడం, లోపలి నల్లటి పొట్ట గీరి పారెయ్యడం. అది ఉంచేస్తే చారు చేదెక్కుతుంది. అత్తగారి చేతులు ఆ పని చూడకుండానే చేసేస్తాయి. బోరమ్ పిల్లని దించి, ఎదురుగా కూర్చుని, ఒక గుప్పెడు ముందుకి లాక్కుంది.

"బ్యానర్ మీరు కట్టించారా అత్తయ్యా?"

"నేనెందుకు కట్టిస్తాను? మాటల్లో హ్వాంగ్‌గారితో అన్నాను. ఆయన కట్టేశాడు."

"నేనెప్పుడు ఒప్పుకున్నాను?"

అత్తగారి బొటనవేలు ఆగలేదు. "మొన్న ఇక్కడే కదే. మావయ్యకి నీదైతే సరిపోతుందన్నారు పూసాన్ డాక్టర్లు అంటే ఊఁ అన్నావు."

"వింటున్నానని ఊఁ అన్నాను."

"ఊఁలో కూడా రకాలుంటాయా?"

ఉంటాయని బోరమ్‌కి తెలుసు. ఈ ఇంట్లో అడుగుపెట్టిన దగ్గర్నుంచి ఆమె పొద్దున లేచింది మొదలు ఊఁ అంటూనే ఉంది. పెద్ద నెత్తళ్ళు వేరే పెట్టు, ఊఁ. ఆ బేరం తెగనివ్వకు, ఊఁ. పిల్లకి టోపీ పెట్టు, ఊఁ. రక్తం తీస్తారుట, ఊరికే చూడ్డానికే, ఊఁ. అందులో ఏ ఊఁ దగ్గర తన కడుపు కోయించుకోవడానికి ఒప్పుకుందో ఆమెకే తెలియదు.

"నాది పనికిరాదన్నారు," అంది అత్తగారు చేప మీది చూపు తిప్పకుండా. "పనికొచ్చేదయితే నీ ముందు ఇలా కూర్చునేదాన్నా? మీ మావయ్య పొట్టలోంచి నీళ్ళు తోడుతుంటే చూశావుగా. మగాడు అంతంత బక్కెట్లు మోసినవాడు, సూదికి ఏడ్చాడు." ఆమె ఒలిచిన నెత్తళ్ళు డబ్బాలోకి తోసింది. "ఇవాళ్టి నుంచి పిల్లకి పాలు మానిపించు. మాత్రలవీ పడతాయి నీకు. ఎర్ర లిప్‌స్టిక్ రాసుకుని అమ్మకి నెప్పి అని చూపించు. మా అమ్మాయి రాన్హీకి నేనలాగే మానిపించాను."

పిల్ల సెబ్యల్ వచ్చి తల్లి ఒళ్ళో తల దూర్చింది. బోరమ్ వేళ్ళకున్న నలుపు తన బట్టలకే తుడుచుకుని దాన్ని దగ్గరికి లాక్కుంది. ఊఁ అనలేదు. అనకపోయినా అత్తగారు అన్నట్టే తల ఊపింది.

ఆ సాయంత్రం బావగారు మాసాన్ నుంచి బుట్టెడు బత్తాయిలతో వచ్చాడు. పెద్దకొడుకు వస్తే ఇంట్లో మాచిపత్రి వేసి చేపచారు కాస్తారు. బోరమ్‌కి మాత్రం అందులో భాగం లేదు. ఆమె ముందు ఉడకబెట్టిన కోడిముక్క, క్యాబేజీ ఆకులు. కాలేయానికి కొవ్వు పట్టకూడదుట.

మామగారు గోడకానుకుని కూర్చున్నాడు. కళ్ళలో తెల్లగుడ్డు పసుపెక్కింది, మెడ సన్నబడింది, పొట్ట మాత్రం ముందుకొచ్చింది. రెండు గుక్కల చారు తాగి చెంచా కింద పెట్టాడు.

"బ్యానర్ చూశానమ్మా," అన్నాడు బావగారు బోరమ్‌తో. మొహంలోకి చూడకుండా బత్తాయి తొక్క తీస్తూ అన్నాడు. "కారు ఆపి ఫొటో తీసుకున్నాను. నా సంగతి తెలుసుగా. నేను సిద్ధమే. పడుకోబెట్టి కొయ్యండి అన్నాను."

"చెప్పావుగా," అన్నాడు మామగారు.

అయినా మళ్ళీ చెప్పాడు. చెప్పకుండా ఉండలేడు. చాప్‌స్టిక్ కొస సోయా పులుసులో ముంచి, కాలేయంలోకి రక్తం వెళ్ళే దారి బల్ల మీద గీశాడు. "ఇదిగో, ఎవరికైనా దారి ఇక్కడిదాకా వచ్చి రెండుగా చీలుతుంది. నాకు మూడుగా చీలింది. కోస్తే నా ప్రాణానికే ప్రమాదం అన్నారు. పుట్టుకతో వచ్చింది, నేనేం చెయ్యను?"

"నీకు చిన్నప్పట్నుంచీ అంతే," అన్నాడు మామగారు. "బడికని బయల్దేరితే మూడో దారి ఎక్కడో దొరికేది."

అందరూ నవ్వారు. బావగారు అందరికంటే గట్టిగా నవ్వాడు. బోరమ్ గుడ్డ తెచ్చి బల్ల మీది గీతలు తుడిచింది. సోయా మరక చెక్కలోకి ఇంకింది, మూడో కొమ్మ ఒకపట్టాన పోలేదు.

గిన్నెలు కడుగుతుంటే మొగుడు క్యూసోక్ పక్కన నిలబడి తుడవడం మొదలుపెట్టాడు. అతను వంటింట్లోకి వచ్చాడంటే ఏదో చెప్పాలని.

"మళ్ళీ పెరుగుతుందిట కదే."

"జుట్టా, పెరగడానికి?"

"డాక్టర్లే అన్నారు. కొన్నాళ్ళకి ఎప్పట్లాగే అయిపోతుందిట."

"అయితే నువ్వే ఇవ్వు."

"నా ఒంట్లో ఆ కామెర్ల వైరస్ ఉంది కదా, పుట్టినప్పట్నుంచీ. నీకు తెలీదా? లేకపోతే ఈ పాటికి…"

"నీ తమ్ముడుంటే వాడికీ ఉండేది. మీ ఇంట్లో మగాళ్ళందరికీ ఏదో ఒకటి ఉంటుంది." గిన్నె బోర్లించింది. "నాకేమన్నా అయితే పిల్ల గతేమిటి?"

"అలాంటి మాటలనకు. నాన్న విన్నాడంటే బాధపడతాడు."

"నువ్వు బాధపడవా?"

క్యూసోక్ తుడిచిన పళ్ళేన్నే మళ్ళీ తుడిచాడు. "రాన్హీని అడుగుదామంటే పెళ్ళికాని పిల్ల. కడుపు మీద అంత గీత ఉంటే ఎవరు చేసుకుంటారని అమ్మ గొడవ."

"నాకు పెళ్ళయిపోయింది గనక గీత ఉన్నా ఫరవాలేదు."

"నేనలా అన్నానా?"

అనలేదు. ఈ ఇంట్లో ఎవరూ ఏదీ అనరు. అనకుండానే బ్యానర్లు లేస్తాయి.

పూసాన్ ఆసుపత్రికి అత్తగారు తోడొచ్చింది. స్కానింగు అయ్యాక ఒక నర్సు వచ్చి బోరమ్‌ని ఒక్కర్తినే రమ్మంది. పిల్లని అత్తగారి ఒళ్ళో పెట్టి లోపలికి వెళ్తే, ఆమె తలుపు వేసింది. అవయవాలిచ్చేవాళ్ళతో మాట్లాడ్డమే ఆమె ఉద్యోగం, పేరు మున్. బల్ల మీద కన్నీళ్ళు తుడుచుకునే కాగితాల పెట్టె తప్ప ఏమీ లేదు. ఏడవడానికే కట్టిన గదిలా ఉంది.

"మీ మామగారికి ఇవ్వాలని ఉందా అమ్మా?"

"ఊఁ."

నర్సు కలం పట్టుకోలేదు. "అది ఏ ఊఁ?"

బోరమ్ తలెత్తింది.

"నాకూ అత్తగారుంది," అంది నర్సు. "నేనూ రోజంతా ఊఁ అంటాను. అందుకని అడుగుతున్నా. ఇష్టమై అన్నారా, వింటున్నానని అన్నారా?"

ఇంతమందిలో ఈ మాట అడిగింది ముక్కూమొహం తెలియని ఈవిడొక్కతే. బోరమ్‌కి ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. కోపంలోనే చెప్పింది. భయమేస్తోందని. పిల్ల ఇంకా రొమ్ము పట్టుకునే నిద్రపోతుందని. మామగారు చెడ్డవాడు కాదని, కాన్పప్పుడు బాలింతకి మంచిదని ఆయనే సముద్రపు నాచు కొనుక్కొచ్చి తనకి చారు పెట్టమన్నాడని. అయినా భయమేస్తోందని. వీధి మొగదల తన పేరు వేలాడుతోందని.

"కాదనే హక్కు మీకుంది. బల్ల మీద పడుకున్నాక కూడా కాదనొచ్చు. ఎందుకని మేం అడగం. ఇంట్లో మీరు కాదన్నారని చెప్పం కూడా. మీ ఒళ్ళు కుదరలేదని మా డాక్టరే చెప్తాడు."

"నమ్ముతారా?"

"నమ్మేట్టు చెప్తాం." నర్సు కాగితం లాక్కుని గీసింది. "ఎవరికైనా దారి ఇక్కడిదాకా వచ్చి రెండుగా చీలుతుంది. మీకు మూడుగా చీలింది, కోస్తే మీ ప్రాణానికే ప్రమాదం. అంతే. ఇది చెప్తే ఇంకెవరూ మిమ్మల్ని మాట అనరు."

బోరమ్ ఆ బొమ్మ చూసింది. కలంతో గీసినా ఆమెకి సోయా వాసనే వచ్చింది.

"మా బావగారికి కూడా…"

నర్సు కలం మూత పెట్టేసింది. "ఇంకొకరి సంగతి నేను చెప్పలేనమ్మా. మీ సంగతి ఇంకొకరికీ చెప్పను."

బయట కారిడార్లో సెబ్యల్ ఏడుపు వినిపించింది. బోరమ్ లేచి నిలబడింది. బొమ్మ గీసిన కాగితాన్ని నర్సు నాలుగు మడతలు పెట్టి చెత్తబుట్టలో వేసింది.

"మరి అలాగే చెప్పించమంటారా?"

"ఊఁ," అంది బోరమ్. ఈసారి అది ఒప్పుకోవడమే.

డాక్టరు చెప్పింది అత్తగారు నిలబడే విన్నది. తిట్టలేదు. కుర్చీలో కూలబడి, "మా వంశానికే ఈ మూడు దారుల పీడేమిటి!" అంది. తర్వాత ఏదో తట్టినట్టు కోడలి వైపు తిరిగింది. "పెద్దోడికైతే వంశంలో వచ్చిందనుకో. నువ్వు వేరే ఇంటి పిల్లవి. నీకెలా వచ్చిందే?"

బోరమ్ పిల్లని ఎత్తుకుని టోపీ సర్దసాగింది.

"మా ఇంటి తిండి తినీ తినీ వచ్చుంటుంది," అని తనే తీర్పు చెప్పుకుంది అత్తగారు. వెంటనే సంచిలోంచి ఫోను తీసింది. "రాన్హీ, ఆ సెలూనులో చెప్పి సెలవు పెట్టుకో. వదినది కుదరలేదు. లేదు, లేదు, భయమేం లేదు. ఊరికే చూడ్డానికే."

బస్సులో కిటికీ పక్కన కూర్చుని బోరమ్ పిల్లకి పాలిచ్చింది. అత్తగారు చూసి ఏమీ అనలేదు. ఇంక అనే పని లేదు కదా. ఇన్నాళ్ళ బరువు దిగింది, అయినా ఊపిరి హాయిగా ఆడటం లేదు. ఊరికే చూడ్డానికే అన్న మాట చెవిలో పురుగులా తిరుగుతోంది. అదే గొంతు, అవే మాటలు. ఆ వంతు బావగారి దగ్గర్నుంచి తన దగ్గరికి జారింది. తన దగ్గర్నుంచి రాన్హీ దగ్గరికి తనే జార్చింది.

రాన్హీని బావగారే కారులో తీసుకొచ్చాడు. ఆ పిల్ల వేళ్ళకి ఎవరి జుట్టుకో వేసిన ఎర్రరంగు ఇంకా అంటుకునే ఉంది. కొట్టులోకి వస్తూనే చాప మీద బోరమ్ పక్కన చతికిలబడి నాలుగు నెత్తళ్ళు లాక్కుంది.

"నెప్పి బాగా ఉంటుందా వదినా? ఛీ, నిన్నడుగుతానేంటి, నువ్వు ఇవ్వలేదుగా." నవ్వింది. నెత్తలి తల తుంచబోయి నడుముకి విరిచేసింది. "పోనీలే, బీచికెళ్ళినప్పుడు సొరచేప కొరికిందని చెప్తా. కుర్రాళ్ళు పడిపోతారు."

"నువ్వు ఇస్తానన్నావా?"

"అమ్మ అడిగింది. ఊఁ అన్నాను."

బోరమ్ చేతిలో చేప అలాగే ఉండిపోయింది.

అప్పుడే హ్వాంగ్ వచ్చాడు. చంకలో నిచ్చెన, చేతిలో పసుపు గుడ్డ ముక్క. దాని మీద ఎర్ర అక్షరాలతో "కన్నతండ్రికి", "కూతురు రాన్హీ" అని రెండు మాటలున్నాయి.

"బ్యానరంతా మార్చక్కర్లేదు వదినగారూ," అన్నాడు అత్తగారితో. "'మామగారికి', 'కోడలు బోరమ్' అన్నచోట ఇవి అతికిస్తే సరి. కోడలమ్మాయీ, ఏమనుకోకు, పతకం ఈసారికి తప్పిపోయింది. నీ తప్పు కాదు, ఒంటి దోషం."

రాన్హీ లేచి నిలబడింది. "నాకింకా పరీక్షలే కాలేదు బాబాయ్. అప్పుడే పేరెందుకు?"

"చూశారా, ఎంత వినయమో!"

బోరమ్ లేచి వెళ్ళి అతని చంకలోంచి నిచ్చెన లాగేసింది. హ్వాంగ్ సాయం చేస్తుందనుకుని వదిలేశాడు. ఆమె బజారు మొగదల దాకా నడిచి, స్తంభానికి నిచ్చెన ఆనించి ఎక్కింది. కింద అందరూ పోగయ్యారు. ఆల్చిప్పల ముసలావిడ నిచ్చెన పట్టుకుంది.

"పడతావే! పిల్లతల్లివి!" అని అరిచింది అత్తగారు.

ముడి బిగుసుకుపోయింది. నెత్తళ్ళు చీల్చే గోరే దాన్ని కూడా విప్పింది. ఒక కొస వదులై బ్యానర్ సగానికి మడతపడి వేలాడింది.

"అత్తయ్యా, నా దారి రెండుగానే చీలింది," అంది బోరమ్ పైనుంచే. "నా ఒంట్లో ఏ దోషమూ లేదు. భయమేసి ఇవ్వనన్నాను. ఇవ్వనని నోటితో చెప్పలేక అలా చెప్పించుకున్నాను."

బజారులో ఐసు కొట్టే యంత్రం ఒక్కటే మోగుతోంది.

"అబద్ధమాడావా?" అంది అత్తగారు.

"ఆడాను. రాన్హీ చేత కూడా ఆడించకండి. ఇస్తావా అని అడగండి. తిన్నగా అడగండి. అది ఏం చెప్తే అది."

బావగారు చేతిలో కారు తాళాలు ఆడిస్తూ నిలబడ్డాడు. ఆ చప్పుడు ఆగిపోయింది. బోరమ్ అతని వైపు చూసింది. ఒక్కసారి చూసి రెండో కొస ముడి పట్టుకుంది. అతని సంగతి ఆమె చెప్పాల్సింది కాదు.

"అయితే ఇప్పుడు గుడ్డ మీద ఏం రాయమంటారు?" అన్నాడు హ్వాంగ్ నిజంగానే దిక్కుతోచక. అత్తగారు అందరి మధ్య నుంచీ తోసుకుంటూ కొట్టులోకి వెళ్ళిపోయింది.

'అబద్ధమాడావా' అన్నదే ఆ రోజుకి ఆమె కోడలితో ఆడిన ఆఖరి మాట. అన్నం వడ్డించింది, పిల్లని ఎత్తుకుంది, మాట మాత్రం లేదు. క్యూసోక్, "ఊళ్ళో అందరి ముందూ చెప్పాలా?" అన్నాడు. "ఊళ్ళో అందరి ముందూ కట్టలేదూ?" అంది బోరమ్.

మర్నాడు అత్తగారు కొట్టుకి రాలేదు. బోరమ్ బ్యానర్‌ని తిరగేసి నేలమీద పరిచి, దాని మీద నెత్తళ్ళు కుమ్మరించుకుంది. చాప కంటే నయమే, దుమ్ము అంటదు. వెనకవైపు నుంచి ఎర్ర అక్షరాలు తిరగబడి మసకగా కనిపిస్తున్నాయి. సెబ్యల్ ఒక తలకాయ ఏరుకుని నోట్లో పెట్టుకోబోతే చేతి మీద చిన్నగా కొట్టింది.

గుమ్మంలో చీకటి పడింది. మామగారు. ఇంటి నుంచి ఇంత దూరం ఒక్కడే నడిచొచ్చాడు. తలుపు పట్టుకుని ఆయాసం తీర్చుకుని, నెమ్మదిగా గుడ్డకి అవతల కూర్చున్నాడు. అలవాటుగా ఒక నెత్తలి తీసి తల తుంచాడు.

"రాన్హీని పంపించేశాను. పొద్దున్నే."

"అది ఏమంది?"

"అడిగాను. ఏడ్చింది. చాలదూ?" నల్లటి పొట్ట గీరి పక్కన పెట్టాడు. "అయితే నీది రెండు దారులేనన్నమాట."

"అవును మావయ్యా."

"పెద్దోడిదో?"

"నాకు తెలీదు."

ఆయన పసుపు కళ్ళు ఆమె మీద కాసేపు నిలిచాయి. "వాడు చిన్నప్పుడు కూడా అబద్ధం ఆడాలంటే బొమ్మ గీసేవాడు. ఎగ్గొట్టిన రోజున బడికి దారి ఎలా మూసేశారో నేల మీద గీసి చూపించేవాడు."

బోరమ్ వేళ్ళు ఆగిపోయాయి. "అంటే ఆ రోజు బల్ల దగ్గరే మీకు తెలుసా?"

"తెలుసు."

"తెలిసీ ఊరుకున్నారా? తర్వాత నా మీదికొస్తుందని తెలిసీ?"

"ఊరుకున్నాను." గోరు చీలిక మీదే ఉంచి, తల ఎత్తకుండా అన్నాడు. "బతకాలని ఉండింది."

ఇన్నాళ్ళూ ఎవరిమీద కోప్పడాలో తెలియక అందరిమీదా కోప్పడింది బోరమ్. ఇప్పుడు ఎదురుగా దొరికాడు, కానీ ఆయన మెడ ఎంత సన్నగా ఉందో కనిపిస్తోంది.

"ఇప్పుడేం చేస్తారు?" అంది చివరికి.

"కాలేయం కోసం వరసలో ఉన్నాగా. ఎక్కడో ఎవడో పోవాలి. వాడు బతికుండగా రాసిచ్చినా సరే, ఇంట్లోవాళ్ళు ఒప్పుకోవాలిట. తలుపు కొట్టి అడుగుతారుట."

"వాళ్ళనైతే అడుగుతారన్నమాట."

మామగారు నవ్వబోయాడు, దగ్గొచ్చింది. తగ్గాక ఒలిచిన చేపలు డబ్బాలోకి తోశాడు. పెద్దవి ఒకవైపు, చిన్నవి ఒకవైపు.

"నేను నోరు తెరిచి అడిగుంటే ఇచ్చేదానివా అమ్మా?"

సెబ్యల్ వచ్చి ఒళ్ళో తల దూర్చింది. బోరమ్ నల్లబడ్డ వేళ్ళు దూరంగా పెట్టి మోచేత్తో పిల్లని దగ్గరికి తీసుకుంది. అలవాటైన ఊఁ నోటిదాకా వచ్చింది. దాన్ని మింగేసింది.

"ఇస్తాననో, ఇవ్వననో. అడిగుంటే చెప్పేదాన్ని మావయ్యా."

ఆయన ఇంకో నెత్తలి అందుకున్నాడు. తల తుంచాడు, గోటితో వీపు చీల్చాడు, చాలాసేపటికి "ఊఁ" అన్నాడు.

అది ఏ ఊఁనో బోరమ్ అడగలేదు.